పెద్దత్త నీళ్ళ వారం

నా మూత్రపిండాల్లో ఇసుక చేరిందని, రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్ళు తాగమని డాక్టరమ్మ చెప్పింది. మా ఊరి నదిలో చేరిన ఇసుకనే ఇన్ని ప్రభుత్వాలు పట్టించుకోలేదు, నా ఒక్కడి ఇసుకని పట్టించుకున్నందుకు ఆమెకి దండం పెట్టి, చీటీ పట్టుకుని, మా పబేడాన్ పేట వీధుల్లో జనాన్నీ గొడుగుల్నీ తప్పించుకుంటూ మందుల దుకాణానికి వెళ్ళాను. మొదటి మాత్ర అక్కడే వేసుకుందామని కాసిని మంచినీళ్ళు అడిగితే, దుకాణంలో అమ్మాయి ఒక చిన్న సీసా తీసి, ఇచ్చే ముందు దాని మూత నా కళ్ళ ఎదుట పెట్టి, సీలు ఊడలేదు చూసుకోమన్నట్టు వేలితో తట్టి చూపించింది. మా వాళ్ళ పిల్లే. తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం బర్మా మాటే వస్తుంది. నన్ను పేరుకి ముందు ఊ చేర్చి పిలిచింది. ఈ దేశంలో వయసు మళ్ళిన మగవాళ్ళకి అది మర్యాద. పెళ్ళయిన నాటి నుంచీ ఇంట్లో ఊ కొట్టడమే పనిగా బతికినవాణ్ణి గనుక ఆ మర్యాద నాకు తోటివాళ్ళ కన్నా ముందే అబ్బింది.

ఆ పిల్ల చేసినదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఒకరి చేతి నీళ్ళు ఇంకొకరు తాగడానికి ఇలా రుజువు చూపించవలసి వచ్చిన రోజొకటి నా జీవితంలో ఉంది. ఆ రోజు సీసా లేదు, సీలు లేదు. రుజువుగా మా పెద్దత్త కూర్చుంది.

మన ఈడువాళ్ళకి ఆ కాలం ఎలాంటిదో గుర్తుండే ఉంటుంది. దేశం తలుపులన్నీ మూసుకుని, లోపల గడియ పెట్టుకుని కూర్చున్న రోజులు. ఇండియా నుంచి ఉత్తరం బయలుదేరితే, దారిలో ఎవరెవరో చదివి, మళ్ళీ అంటించి, మా చేతికి వచ్చేసరికి అందులో రాసిన పురిటి వార్త తాలూకు పిల్ల నడక నేర్చేసేది. కొరంగి రేవులో ఓడెక్కి వచ్చిన తాతల మనవలం మేము. అరవైల్లో దుకాణాలూ ఉద్యోగాలూ పోగొట్టుకుని మా వాళ్ళు ఓడల నిండా తిరిగి వెళ్ళిపోగా, వెళ్ళడానికి అక్కడ ఎవరూ లేనివాళ్ళమో, ఇక్కడి సమాధుల్ని వదల్లేనివాళ్ళమో మిగిలిపోయాం. బర్మావాళ్ళు మమ్మల్ని కలా అనేవారు, ఇండియా నుంచి వచ్చిన పరాయివాడని. ప్రేమగా అన్నవాళ్ళూ ఉన్నారు, ఉమ్మినట్టు అన్నవాళ్ళూ ఉన్నారు. తెలుగు చెవితో వింటే ఆ మాట నాకెప్పుడూ సగంలో ఆగిపోయిన ప్రశ్నలా ఉండేది, కలా నిజమా అని. మూడు తరాలుగా ఇక్కడే బతికి ఇక్కడే మట్టిలో కలుస్తున్న మాకు ఈ ఊరు ఆ రెండిట్లో ఏదో ఎవరూ తేల్చి చెప్పలేదు.

నేను అప్పుడు బోర్డులు రాసే పనిలో ఉండేవాణ్ణి. తెలుగు అక్షరాల్లాగే బర్మా అక్షరాలూ గుండ్రంగా ఉంటాయి. బళ్ళో ఉన్నంతకాలం సున్నాలు తెచ్చుకున్నవాణ్ణి గనుక సున్నాలు చుట్టే పని నాకు ఇట్టే పట్టుబడింది. ఆదివారాలు మాత్రం కుంచె కడిగేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని చర్చికి వెళ్ళేవాణ్ణి. మా తెలుగు బాప్టిస్టు చర్చి పెద్దదేమీ కాదు. రేకు కప్పు, టేకు బల్లలు, శ్రుతి తప్పిన హార్మోనియం, దానికి తగ్గ మేము.

చర్చి గేటు బయట గోడని ఆనుకుని ఇటికల అరుగు మీద రెండు మట్టి కుండలుండేవి. దారిన పోయేవాళ్ళ దాహానికి ఇంటి ముందు నీళ్ళు పెట్టడం ఇక్కడి బౌద్ధుల అలవాటు. మంచి అలవాటు ఎవరిదైతేనేం అని మా పెద్దలు తాతల కాలంలోనే దాన్ని పట్టుకున్నారు. గొలుసుతో కట్టిన రేకు కప్పొకటి కుండల మధ్య వేలాడేది. దాన్ని చేసి ఇచ్చింది మా గోడ పక్కనే బకెట్లూ ట్రంకు పెట్టెలూ చేసే రేకుల దుకాణం సాయిబు గారు. కప్పుకి సొట్ట పడినప్పుడల్లా పిలవకుండానే వచ్చి విప్పుకెళ్ళి, సరిచేసి మళ్ళీ తగిలించేవారు. ఆదివారం మా పాట మొదలవగానే ఆయన సుత్తి ఆగిపోయేది. మా పాడే తీరు తలచుకుంటే, మేము పాట ఆపి ఆయన సుత్తి వినడమే న్యాయమని నాకు అప్పట్లోనే అనిపించేది.

ఆ కుండలు నింపడానికి మా సంఘంలో ఒక వరస ఉండేది. ఇంటికో వారం. దాన్ని నీళ్ళ వారం అనేవాళ్ళం. వినడానికి చిన్న ఏర్పాటే గానీ దాని వెనక పెద్ద తగువుంది. మా తాతల్లో కొందరు రేవులో బస్తాలు మోయడానికి వచ్చారు, కొందరు బియ్యం మిల్లుల్లోకి వచ్చారు, కొందరు ఈ మహానగరం పాయిఖానాలు కడగడానికి వచ్చారు. మా తాత ఆ మూడో రకం. ప్రభువు దగ్గరికి అందరూ రావచ్చు గానీ నీళ్ళ కుండ దగ్గరికి కొందరు రాకూడదనే అలవాటుని మా వాళ్ళు బట్టల మూటల్లో కట్టుకుని సముద్రం దాటించారు. ఆనాటి పాస్టరు గారు ఇక మీదట అన్ని ఇళ్ళ వాళ్ళూ వరసగా నింపాలని చెప్పి, మొట్టమొదటి వారం మా ఇంటికి రాశారట. మా నాన్నకి పెద్దక్క, అంటే మా పెద్దత్త, అప్పటికి పధ్నాలుగేళ్ళ పిల్ల. కుండలు తోమి, నింపి, కప్పు పట్టుకుని నిలబడితే, ఆ ఆదివారం సగం మంది ఇళ్ళ దగ్గరే గొంతు తడుపుకుని వచ్చారట. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో వేదిక దిగి, గేటు దాకా నడిచి వెళ్ళి, ఆ పిల్ల చేతిలో కప్పు అందుకుని గటగటా తాగి, తిరిగి వెళ్ళి ఆపిన వాక్యం దగ్గర నుంచే మళ్ళీ ఎత్తుకున్నారట. ఏడాది తిరిగేసరికి సంఘమంతా ఆ నీళ్ళు తాగింది. ఒకరిద్దరు తప్ప.

ఆ ఒకరిద్దరిలో ఒకావిడ తరవాత మా చిన్నాన్నకే అత్తగారైంది. మిల్లు మేస్త్రీల వంశం. పిల్ల మనసుపడింది గనుక పెళ్ళికి ఒప్పుకుంది, పెళ్ళి విందులో కూర్చుంది, మనవల్ని ఎత్తుకుని పెంచింది. మా ఇంటి నీళ్ళ వారం వచ్చిందంటే మాత్రం ఆవిడకి తప్పకుండా గొంతు నొప్పి వచ్చేది. యాభై ఏళ్ళు అది ఒక్క వారం కూడా తప్పలేదు. మేమెవరమూ ఏమీ అనేవాళ్ళం కాదు. పెద్దత్త ఒక్కతే, గొంతుకి మిరియాల కషాయం పంపనా అని అడిగేది.

ఎనభైల ఆఖర్లో తిరుగుబాటు వచ్చింది. విద్యార్థులూ భిక్షువులూ గుమాస్తాలూ రేవు కూలీలూ రోజూ వానలో తడుస్తూ ఊరేగింపులు తీసేవారు. మా వాళ్ళూ వెళ్ళారు. నేను నడిచింది తక్కువ, రాసింది ఎక్కువ. గజాల కొద్దీ ఎర్రగుడ్డ మీద ప్రజాస్వామ్యం అన్న మాట ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. తరవాత ఆఫీసులు మూతపడ్డాయి, పోలీసులు కనిపించడం మానేశారు, ఏ వీధికి ఆ వీధి వెదురు కంచె కట్టుకుని కాపలా పెట్టుకుంది. అప్పుడు మొదలైంది పుకార్ల కాలం. ఊళ్ళో నీళ్ళలో విషం కలుపుతున్నారని ఒక పుకారు. కలిపేది ఎవరంటే, చెప్పేవాడికి ఎవరంటే పడదో వాళ్ళు. వేరే పేటల్లో ఇలాంటి అనుమానం మీదే మనుషుల ప్రాణాలు తీశారని వింటున్నాం.

సరిగ్గా ఆ వారమే మాది నీళ్ళ వారం. పనివాళ్ళు సమ్మెలో ఉండడంతో కుళాయిలో ఎర్రటి మట్టినీళ్ళు వస్తున్నాయి. పటిక కొందామంటే దుకాణాలు లేవు, కాచి పోద్దామంటే బొగ్గులు లేవు. పెద్దత్త తన రేకు డబ్బా మూత తీసి నాలుగు చిల్లగింజలు నా చేతిలో పెట్టింది. శ్రీకాకుళం వైపు పల్లెల్లో మట్టినీళ్ళు తేరడానికి కుండ లోపలి గోడకి ఆ గింజని అరగదీస్తారు. గంటలో మట్టంతా అడుక్కి దిగి పైన నీళ్ళు అద్దంలా నిలుస్తాయి. వాళ్ళమ్మ ఓడలో తెచ్చుకున్న గింజల్లో మిగిలినవవి. శనివారం పొద్దున్నే నేను గేటు ముందు వంగుని, కుండలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, చాలా శ్రద్ధగా గింజ అరగదీశాను. విషం పుకార్లతో ఉడికిపోతున్న ఊళ్ళో, నలుగురూ నడిచే దారిలో, కలా ఒకడు తాగేనీళ్ళ కుండలో ఏదో గింజ నూరుతుంటే చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో నాకు తట్టనే లేదు. నా తెలివి ఎప్పుడూ ఆ కుండలో మట్టి లాంటిది, కలిపితే గానీ పైకి రాదు.

ఆ మధ్యాహ్నం ఊరేగింపు నుంచి వస్తున్న కళ్ళజోడు కుర్రవాడొకడు మా కుండ నీళ్ళు తాగి, వీధి చివరికి వెళ్ళేసరికి భళ్ళున కక్కుకుని పడిపోయాడు. అతన్ని మోసుకుపోయారు. ఆదివారం పొద్దున్న మేము చర్చిలో చేరుతుండగా వీధి కాపలా కుర్రాళ్ళు పన్నెండు మంది, చేతుల్లో చెక్కిన వెదుర్లతో గేటు దగ్గరికి వచ్చారు. వాళ్ళ పెద్దకి పాతికేళ్ళు కూడా ఉండవు. అందరూ కో అని పిలిచేవారు, మనం తెలుగులో అన్న అన్నట్టు. వాళ్ళ ఎర్రగుడ్డ మీద అక్షరాలు నావే. నిన్న పొద్దున్న కుండలో ఏదో కలిపినవాణ్ణి మధ్యాహ్నంలోగా బయటికి పంపాలని, లేకపోతే వీధంతా లోపలికి వస్తుందని అతను నెమ్మదిగానే చెప్పి వెళ్ళాడు. నెమ్మదిగా చెప్పడం వల్ల మరీ భయం వేసింది.

పాస్టరు గారు లేరు. ఎవరివో అంత్యక్రియల కోసం ఊరి చివర మింగళాడోన్ వెళ్ళి, బస్సులు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకున్నారు. తలుపులు వేసుకుని అందరం బల్లల మీద కూర్చున్నాం. గింజ అరగదీసింది నేనేనని ఒప్పుకున్నాను. నన్ను బయటికి పంపాలని ఒక్కరూ అనలేదు, అది చెప్పాలి. వెనక గోడ దూకించి దాటించేద్దామన్నారు, కుండలు పగలగొట్టేద్దామన్నారు. సంఘం కార్యదర్శి అయిన మా చిన్నాన్నకి అప్పుడొక ఉపాయం తట్టింది. చిన్నాన్న మెత్తని మనిషి, ముగ్గురు చిన్నపిల్లల తండ్రి. ఆయన్ని ఈ రోజుకీ తప్పుపట్టలేను. గేటుకి బర్మా భాషలో ఒక బోర్డు కడదామన్నారు: ఈ కప్పు మాది కాదు, పక్క రేకుల దుకాణంలో చేసింది, అని. అంతే. ఇంక ఎవరేమనుకుంటే వాళ్ళ ఇష్టం.

"అబద్దం రాయట్లేదు కదరా. కప్పు ఎవులు సేసినారో అదే రాస్తన్నాం," అన్నారు నా వైపు చూడకుండా.

ఆ వాక్యంలో నిజంగానే ఒక్క అబద్ధం లేదు. ఆ రోజుల్లో ముస్లిం దుకాణం పేరు గేటుకి వేలాడదీస్తే జనం ఎటు తిరుగుతారో మాలో తెలియనివాళ్ళూ లేరు. నీళ్ళ గొడవలో చిక్కుకుని మేమంతా నీళ్ళు నమిలాం. రంగు డబ్బాలు వెనక గదిలోనే ఉన్నాయి. నేను వెళ్ళి పలక తెచ్చి, మోకాళ్ళ మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. నా చెయ్యి కొంచెమైనా వణికిందని రాయాలనుంది గానీ వణకలేదు. అక్షరాలు ఎప్పటికన్నా గుండ్రంగా వచ్చాయి.

సగం వాక్యం అయ్యేసరికి పెద్దత్త పక్క తలుపులోంచి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ అందరికన్నా ఆఖరున వచ్చేది. చంకలో గొడుగు, చేతిలో తను కూర్చునే పొట్టి పీట. చర్చి బల్లలు ఎత్తని, కాళ్ళు నేలకి ఆనవని ఎక్కడికెళ్ళినా పీట వెంట తెచ్చుకునేది. ఎదురింట్లో మోహింగా, అంటే చేపల పులుసు సేమియా, అమ్మే పెద్దావిడ, మేము మర్యాదగా డా అని పిలిచే ఆవిడ, గేటు దగ్గరే పెద్దత్తని ఆపి జరిగిందంతా చెప్పేసింది. తనఖా అంటే మన తెలుగులో ఇల్లు పోగొట్టే సంగతి గానీ ఇక్కడ చెంపలకి పూసుకునే చందనం లాంటిది. ఆ పూత కరిగి కారేలా ఏడ్చిందట ఆ డా, మీరు పారిపోండని.

పెద్దత్త నా వెనక నిలబడి పలక చూసింది. బర్మా భాష నాకన్నా బాగా చదివేది.

"ఏటి రాస్తన్నావు అల్లుడా?"

నేను కుంచె కడుగుతున్నట్టు నటించాను. చిన్నాన్న చెప్పుకొచ్చారు, పిల్లలున్నారని, వేరే దారి లేదని, అందులో రాసింది నిజమేనని. మా వైపు అక్కని అప్ప అంటారు. "అప్పా, నువ్వే సెప్పు, నిజవే కదా," అన్నారు.

"నిజవే. నిజాన్ని పక్కింటోడి మీదకి తోల్తన్నావు. గింజ నాను ఇచ్చినాను, ఈడు అరగదీసినాడు. సాయిబు గారు ఏటి సేసినారు? సొట్ట తీసినారు."

ఆ మాట అనేసి, ఇంకెవరి జవాబూ వినకుండా, పీట తీసుకుని తలుపు తెరుచుకుని గేటు బయటికి నడిచింది. ఆపడానికి లేచినవాళ్ళు లేచారు గానీ ఆవిడ మోకాళ్ళ నొప్పులు ఆ రోజు ఎవరికీ అందలేదు. కుండల పక్కన పీట వేసుకుని, సన్నగా పడుతున్న వానకి గొడుగు విప్పుకుని కూర్చుంది. వెదుర్ల కుర్రాళ్ళు చుట్టూ చేరారు. వెనకే వీధి జనం. ఆవిడ వాళ్ళతో మాట్లాడిన బర్మా మాటల్ని తెలుగులో చెప్తే వాటి వాడి పోతుంది. సారాంశం ఏమిటంటే, గింజ ఇచ్చింది నేను, ఇవి నిన్నటి నీళ్ళే, ఇప్పుడు మీ ఎదుట తాగుతాను, వాన వెలిసేదాకా ఇక్కడే కూర్చుంటాను, నేను పడిపోతే మీ ఇష్టం, పడకపోతే మీరు ఇళ్ళకి వెళ్ళి పొడి బట్టలు కట్టుకోండి, జలుబు చేస్తుంది. ఇంత చెప్పి, గొలుసు లాగి కప్పు ముంచుకుని తాగింది. రెండోసారి ముంచింది. మూడోసారి ముంచినప్పుడు కొంచెం ఆగి, దాహం తీరిందని, అయినా పని కోసం తాగుతున్నానని ఆ కోతో అంది. అతను నవ్వలేదు. పక్కనున్న కుర్రాడొకడికి నవ్వు ఆగలేదు.

మేము గేటు లోపల నిలబడి చూస్తున్నాం. చిల్లగింజ నీళ్ళు తాగి ఎవరూ చావలేదని మాకు తెలుసు. అయినా నిన్న ఒక మనిషి కక్కుకుని పడిపోయిన మాటా నిజమే. గింజల్లో పొరపాటున వేరే గింజ కలిసిందేమో, కుండలో బల్లి పడిందేమో, ఎవరికి తెలుసు. ఆవిడకీ తెలియదు. అది నాకు చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు.

అప్పుడు చిన్నాన్న అత్తగారు కదిలింది. డెబ్భై ఏళ్ళావిడ, మా అందర్నీ మోచేతులతో నెట్టుకుంటూ గేటు దాటి వెళ్ళి పెద్దత్త ముందు నిలబడింది.

"ఒలే, కప్పు ఇటియ్యి."

పెద్దత్త కప్పు ఇవ్వలేదు. గొడుగు కింద నుంచి పైకి చూసి, "గొంతు నొప్పి తగ్గిందేటి వదినా?" అని అడిగింది.

"తగ్గీసింది. బేగి ఇయ్యి, వానలో నిలబెట్టకు."

యాభై ఏళ్ళ గొంతు నొప్పి ఒక్క కప్పుతో నయమవడం నేను కళ్ళారా చూశాను. తరవాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ప్రభువు బల్ల దగ్గరికి ఎలా వెళ్తామో అలా, ముందు బల్లలవాళ్ళు ముందు, వెనక బల్లలవాళ్ళు వెనక, వరస కట్టి గేటు బయటికి నడిచి తలో కప్పూ తాగాం. చిన్నాన్న తాగి, ఆ తరవాత తన ముగ్గురు పిల్లల్నీ పిలిచి తాగించారు. సుత్తి చప్పుడు ఆపి బయటికి వచ్చిన సాయిబు గారు, ఏం జరుగుతోందో పూర్తిగా తెలియకుండానే వరస చివర నిలబడి, తన వంతు వచ్చినప్పుడు తాగి, అలవాటు కొద్దీ కప్పు అడుగు తిప్పి సొట్ట ఉందేమో చూశారు. ఆ క్షణంలో ఆయన మొహం నేను చూడలేకపోయాను. నా చేతి వేళ్ళకి ఇంకా తడి రంగు ఉంది.

నేను రెండు కప్పులు తాగి, మిగిలిన గింజలు ఆ కో చేతిలో పోశాను. అరగదీసి చూపించాను. అతను ఒక గింజ వాసన చూసి జేబులో వేసుకుని, వాన వెలిసేదాకా పెద్దత్త ఎదురుగా నిలబడే ఉన్నాడు. సుమారు రెండు గంటలు. విషం మాట దేవుడెరుగు, అన్ని నీళ్ళు తాగి పన్నెండు వెదుర్ల మధ్య కదలకుండా నిలబడ్డం ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది. వాన వెలిశాక అతను కుర్రాళ్ళని వెంటేసుకుని వెళ్ళిపోయాడు. క్షమాపణ లేదు, నమ్మానన్న మాటా లేదు.

కథ ఇక్కడితో అయిపోయిందని చెప్పుకుంటే బాగుండును గానీ, మర్నాటి నుంచి వీధిలో ఎవరూ ఆ నీళ్ళు ముట్టలేదు. మా గేటు వచ్చేసరికి జనం అవతలి పక్కకి దాటి నడిచేవారు. మా సంఘం నిజంగా గొప్పగా నిలబడింది ఆ ఆదివారం కాదు, ఆ తరవాతి రోజుల్లోనే అని నాకనిపిస్తుంది. కుండలు లోపల పెట్టేద్దామని ఎవరూ అనలేదు. రోజూ ఇద్దరిద్దరు, ఒక రేవువాళ్ళ ఇంటి నుంచి, ఒక పాయిఖానాలవాళ్ళ ఇంటి నుంచి, వానలో వచ్చి కుండలు కడిగి, నింపి, అందరికీ కనిపించేలా తాగి, కాసేపు అక్కడే కూర్చుని వెళ్ళేవారు. ఆ వరస రాసింది చిన్నాన్న. మొదటి పేరు తనదే రాసుకున్నారు. నేను సగం రాసిన పలక మీద తెల్లరంగు వేయించి, ఆ వరసని దాని మీదే రాయమన్నారు.

పదకొండో రోజు వంతు నాదీ చిన్నాన్న అత్తగారిదీ. ఆవిడ నాకు కబుర్లు చెప్తూ ఉండగా ఆ కళ్ళజోడు కుర్రవాడు వీధి మలుపులో కనిపించాడు. చిక్కిపోయి ఉన్నాడు. అవతలి పక్కకి దాటలేదు. తిన్నగా వచ్చి కప్పు ముంచుకుని, సగం తాగి, మిగతా సగం మొహం మీద చల్లుకుని, ఆ రోజు తాను దారిలో తిన్న వేపుడు పాచిపోయిందని, తనతో తిన్న ముగ్గురికీ అలాగే అయిందని బర్మా భాషలో చెప్పాడు. మరి ఎవరికీ చెప్పలేదేమని నేను అడిగాను. ఎవరూ నన్ను అడగలేదు, అన్నాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయని చెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఎదురింటి డా తన సొంత చెంబు తెచ్చుకుని వచ్చింది. మర్నాడు చెంబు లేకుండా వచ్చింది.

కొద్ది రోజులకే తుపాకులు వీధుల్లోకి వచ్చాయి. వెదురు కంచెలు పోయాయి, ఎర్రగుడ్డలు పోయాయి, దేశం మళ్ళీ గడియ పెట్టుకుంది. ఆ కోని గానీ, కళ్ళజోడు కుర్రవాణ్ణి గానీ మేము మళ్ళీ చూడలేదు. పెద్దత్త మాత్రం కుండలు నింపడానికి వచ్చినప్పుడల్లా, ఆ గుంటలు ఎక్కడైనా అవుపించినారేటి అని అడిగేది. ఏ కుర్రాళ్ళని అడిగితే, తనని వానలో రెండు గంటలు కాపలా కాసినవాడూ, నీళ్ళు చల్లగా ఉన్నాయన్నవాడూ అనేది. ఇద్దర్నీ కలిపే అడిగేది. నాలుగేళ్ళ తరవాత పోయేదాకా అడిగింది. ఆ పలక సంగతి మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. వానాకాలం గోడలు చెమ్మెక్కినప్పుడు తెల్లరంగు కింద నుంచి నా గుండ్రటి అక్షరాలు లేచి కనిపించేవి. మళ్ళీ రంగు వేసేవాణ్ణి.

ఇప్పుడు మా సంఘంలో సగం ఇళ్ళు అద్దెలు భరించలేక ఊరి చివర లైంగ్‌థార్యార్ వెళ్ళిపోయాయి. పిల్లలు బట్టల ఫ్యాక్టరీల్లో పనిచేసి ఆదివారం రెండు బస్సులు మారి వస్తారు. ఎవరి తాత ఏ పనికి వచ్చాడో వాళ్ళకి తెలియదు, ఒకరి పళ్ళెంలో ఒకరు తింటారు, అది చూసినప్పుడు నాకు కడుపు నిండుతుంది. కాలువ పనికి అరుగు కొట్టేశారు, కుండలు లేవు. మొన్న వాళ్ళ ఫోన్ల గుంపులో ఒక వార్త తిరిగింది. ఫలానా వాళ్ళ దుకాణాల్లో ఏమీ కొనవద్దని, అక్కడేదో కలుపుతున్నారని. పంపినవాళ్ళలో మా పిల్లలూ ఉన్నారు. చెడ్డపిల్లలు కారు, భయపడ్డ పిల్లలు. మనం రాసింది కాదు కదా తాతా, వచ్చిందే పంపాం అన్నారు. ఎవరైనా వెళ్ళి అడిగారా అని నేను ఒక్కొక్క అక్షరమే ఒంటివేలితో కొట్టి పంపితే, ముగ్గురు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఆ బొమ్మకి అర్థం ఏమిటో నాకింకా తెలియదు.

మా రోజుల్లో అనుమానం వెదురు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేది. దానికో మొహం ఉండేది, వానలో తడిస్తే జలుబు చేసేది, దాని ఎదురుగా కూర్చుని మూడు కప్పులు తాగితే రెండు గంటలకి ఇంటికి వెళ్ళేది. ఇప్పటిది ఎక్కడ నుంచి వస్తుందో, ఎక్కడ నిలబడి చూస్తుందో కనిపించదు. పెద్దత్త ఉండి ఉంటే గొడుగూ పీటా చంకన పెట్టుకుని ఈపాటికి బయలుదేరేది. పీట ఎక్కడ వెయ్యాలో మాత్రం ఆవిడకి నేను చూపించలేను.